నాలుగో గిన్నె

"చొక్కా ఏదే?"

పొద్దుట్నుంచి బోంగ్ఛీ ఆ మాట అడగడం ఇది ఏడోసారి. పెట్టె మూత తెరిచే ఉంది. అందులోంచి లాగిన బట్టలు నేల మీద, మంచం మీద, కుర్చీ వీపు మీద పడున్నాయి. రెండేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఎండలో వేసి, దులిపి, మళ్ళీ అదే మడతల్లో దాచుకుంటున్న కొడుకు నీలం చొక్కా మాత్రం లేదు.

కోడలు లేహ్వా పొయ్యి దగ్గర చిలగడదుంప గంజి కలుపుతోంది. ఆరుసార్లు చెప్పిన జవాబే మళ్ళీ చెప్పింది.

"నాకు తెలీదు అత్తయ్యా."

"నీకు తెలీకపోతే దానికి కాళ్ళొచ్చాయా? తలుపు తీసుకుని అదే వెళ్ళిపోయిందా?"

"నేను తీయలేదు."

"కోళ్ళకి గింజలేసి వచ్చాను. అంతసేపే ఈ గది వదిలిపెట్టింది. తిరిగొచ్చి చూస్తే పెట్టె మూత వాలుగా ఉంది. ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను తీయలేదు. మీ మావయ్య సంగతా, ఆయన నోట్లో నాలిక లేని మనిషి, తన చొక్కా ఎక్కడుందో ఆయనకే తెలీదు. ఇక మిగిలింది ఎవరు?"

"ముగ్గురం అన్నారా?" అంది లేహ్వా, గరిటె ఆపకుండా.

బోంగ్ఛీ నాలిక కరుచుకుంది. బల్ల మీద గిన్నెలు నాలుగున్నాయి. రెండేళ్ళుగా మూడు పూటలా నాలుగే పెడుతోంది.

"నలుగురం," అంది గట్టిగా. "నలుగురం. వాడు ఊళ్ళో లేడు, అంతే."

ఒక పాత చొక్కాకి ఇంత గొడవేమిటని పై ఊరివాళ్ళకి అనిపించవచ్చు. మా లామ్‌హో రేవులో ఎవరికీ అనిపించదు. సముద్రంలో పోయినవాడు మా ఊళ్ళో అంత తేలిగ్గా చనిపోడు. ఒళ్ళు దొరకనివాణ్ణి ఒడ్డున నిలబడి, వాడు తొడుక్కున్న బట్ట సముద్రంలో ముంచి చేత్తో పట్టుకుని, పేరు పెట్టి ఇంటికి రమ్మని పిలవాలి. దేవుడి గూట్లో ఉండే నెలవంక చెక్కల జత తెచ్చి ఇసక మీద వేసి, వచ్చావా అని అడగాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే వచ్చినట్టు. ఆ తర్వాతే వాడికి ఇంట్లో పీఠం, ధూపం. అప్పటిదాకా వాడు బతికున్నట్టే. బతికున్నవాడి కోసం ఇంట్లో ఎవరూ ఏడవకూడదు.

బూన్‌హాయ్ పడవతో సహా కనపడకుండా పోయి రెండేళ్ళ మీద నెల. ఇన్నాళ్ళూ అతని పెళ్ళాం ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కూడా అత్తగారు పక్కన నిలబడి మొహంలోకి చూసేది.

"ఇవాళే పోవాలా అది?" అంది బోంగ్ఛీ. ఒక లంగా తీసి దులిపి, అందులో ఏమీ లేదని తెలిసీ మళ్ళీ దులిపింది. "సరిగ్గా ఇవాళే!"

"గుళ్ళో పేర్లు రాసేది ఇవాళే కదా."

"తెలుసు. నాకేం చెవుడు లేదు. ఆ హోంగ్ మూడు రోజుల్నుంచి వీధి వీధీ తిరిగి అరుస్తున్నాడు."

హోంగ్ మా రాతికట్టకి పెద్ద. రేవు పక్కన సముద్రంలోకి నల్లరాళ్ళతో తాతల తాతలు పేర్చిన గోడ అది. పోటుకి మునుగుతుంది. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు చేపలు గోడ లోపల ఉండిపోతాయి. పదహారు ఇళ్ళకి పదహారు వాటాలు, ఇంటికో రోజు. ఇన్నాళ్ళూ ఎవరి వాటా ఏదో ఊరి నోట్లో ఉండేది, అదే చాలేది. ఇప్పుడు సర్కారు వాళ్ళు కొండ మీది పాత కోటనీ, ఈ కట్టనీ కలిపి ప్రాచీన కట్టడాల పట్టీలో చేర్చారు. పదహారు పేర్లూ రాతి మీద చెక్కించి గుడి ముందు నిలబెడతారట. ఒకసారి చెక్కాక ఇక మార్చడం లేదు.

అక్కడ వచ్చింది చిక్కు. వాటా బూన్‌హాయ్ పేరున ఉంది. ఉన్నవాడైతే తనే వచ్చి గుళ్ళో అమ్మవారి ముందు వేలిముద్ర వేయాలి. పోయినవాడైతే వాటా పెళ్ళానికి వస్తుంది. ఉన్నాడంటారు, మనిషిని మాత్రం చూపించరు, అలాంటి వాటా మిగతా పదిహేనుమందికీ పోతుంది. హోంగ్ చెడ్డవాడు కాదు. పాతికేళ్ళు కట్టపెద్దగా ఉండి ఉండి, మనుషుల్ని కూడా రాళ్ళలాగే వరసలో పేర్చాలనుకుంటాడు, అంతే.

"నువ్వే తీశావు," అంది బోంగ్ఛీ, ఈసారి నెమ్మదిగా. అరుపు కంటే ఆ నెమ్మదే ఎక్కువ భయపెట్టింది. "వాడు పోయాడని చెప్పి నీ పేరు రాయించుకోవడానికి. నాలుగు చేపల కోసం నా కొడుకుని చంపుతావా?"

"చేపల కోసం చంపాల్సిన పనేముంది అత్తయ్యా? చేపలు నేనే తెస్తున్నాగా. తుపాను తర్వాత గోడ పడిపోతే నడుం లోతు నీళ్ళలో నిలబడి రాళ్ళు మోసిందెవరు? ఇంటికో చెయ్యి రావాలన్నారు. మన ఇంటి చెయ్యి నేనే కదా."

"అర చెయ్యి."

"అవును, అర చెయ్యి. ఆడదాని చెయ్యి అర చెయ్యని హోంగ్ పెదనాన్న లెక్క. అందుకని మగవాళ్ళు ఒకరోజు మోస్తే నేను రెండు రోజులు మోశాను. మీ అబ్బాయి చేతి కోసం. ఉన్నాడో లేడో తెలీని చేతి కోసం."

"ఉన్నాడు!"

"సరే, ఉన్నాడు."

బయట ఈశాన్యపు గాలి తలుపు సందులోంచి సన్నగా కూస్తోంది. కార్తీకం దాటితే మా దీవిలో ఆ గాలి ఇంట్లో ఇంకో మనిషిలా ఉంటుంది. అందరి మాటలకీ అడ్డం వస్తుంది.

"నాకు తెలుసు నీ ఆలోచన," అంది బోంగ్ఛీ. "పేరు రాయించుకుంటావు. వాటా పక్కింటికి అప్పగిస్తావు. పడవెక్కి కావోషుంగ్ పట్నంలో మీ అక్క దగ్గరికి పోతావు. ఆ డబ్బాల ఫ్యాక్టరీలో చేపలు కోసుకుంటూ, అక్కడ ఇంకొకణ్ణి..."

మాట పూర్తి చేయలేదు. కోడలు తిరిగి చూసింది మరి.

"ఇంకొకణ్ణి?" అంది లేహ్వా. "చెప్పండి, ఆగిపోయారేం? ఇంకొకణ్ణి ఏం చేసుకోను? అత్తయ్యా, పొద్దున లేచేసరికి నా వీపు నాది కాదు. మధ్యాహ్నానికి కాళ్ళు నావి కావు. నాకు మొగుడూ వద్దు, ఫ్యాక్టరీ వద్దు. నాకు ఏడవాలనుంది. తలుపులు బార్లా తీసి, ఊరంతా వినేట్టు, ఒక్కరోజు ఏడవాలనుంది. అది కూడా మిమ్మల్ని అడుక్కోవాలా?"

"నోర్ముయ్! ఉన్నవాడి మీద ఏడిస్తే..."

"తెలుసు. ఉన్నవాడు కూడా పోతాడు. రెండేళ్ళుగా అదే కదా చెప్తున్నారు."

గరిటె గిన్నె అంచుకి ఆనించి చేతులు తుడుచుకుంది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. అలవాటైపోయింది.

లేహ్వా అబద్ధం ఆడలేదు. చొక్కా సంగతి ఆమెకి నిజంగా తెలీదు. అయితే పూర్తి నిజం కూడా చెప్పలేదు. తలుపు పక్కన పెట్టిన వెదురు బుట్టలో, రాళ్ళ పనికి వేసుకునే చేతి తొడుగుల కింద, గూట్లోంచి తీసిన నెలవంక చెక్కలున్నాయి. తెల్లారగట్టే తీసింది. ఇవాళ నీళ్ళు వెనక్కి తీశాక తనే ఒడ్డుకి పోయి పిలుద్దామనుకుంది. చొక్కా కోసం పెట్టె మూత ఎత్తితే అది అప్పటికే లేదు. అత్తగారే ఎక్కడో దాచి, ఇప్పుడీ నాటకమంతా ఆడుతోందని ఇంతసేపూ అనుమానపడుతోంది.

అలా ఇద్దరూ ఒకరినొకరు దొంగలనుకుంటూ ఉండగా తలుపు తెరుచుకుంది.

బోంగ్ఛీ మొగుడు తియెన్‌సాంగ్ లోపలికి వచ్చాడు. కొండ మీది కోటకి కాపలా ఆయనే. చూడ్డానికి వచ్చిన పట్నం వాళ్ళు ఫిరంగి మీదెక్కి కూర్చుని ఫొటోలు తీసుకుంటారు, కిందికి దిగమని చెప్పడం ఆయన ఉద్యోగం. అది కూడా చేత్తోనే చెప్తాడు. ఆ ఫిరంగీ ఎన్నడూ పేలలేదు, ఈయనా ఎన్నడూ నోరు విప్పలేదు, సర్కారుకి జోడీ బాగా కుదిరిందని బోంగ్ఛీ ఊరంతా చెప్పుకుంటుంది.

నడుముకి కోట తాళాల గుత్తి. చేతిలో నీలం చొక్కా. నీళ్ళు కారుతోంది.

ఆయన చెప్పులు విప్పి, చొక్కా ఎక్కడ పెట్టాలో తోచక, చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏవయ్యా," అంది బోంగ్ఛీ. "తడిపావా దాన్ని?"

"సముద్రంలో ముంచాలి కదా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. కోట కింద ఒడ్డుకి వెళ్ళాను. ధూపం వెలిగించాను. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను."

తియెన్‌సాంగ్ ఒక్కసారిగా అన్ని మాటలు ఆడడం ఆ ఇంట్లో గోడలు కూడా విని ఉండవు.

"పిలిచావా?"

"పిలిచాను."

"ఏమని?"

"బూన్‌హాయ్, ఇంటికి రా, అన్నం చల్లారిపోతోంది అని."

బోంగ్ఛీ మంచం అంచున కూలబడింది. బట్టల మీదే కూర్చుంది.

"గట్టిగా పిలిచావా?"

ఆయన తడి చొక్కా రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "గాలి ఎదురుగా ఉంది," అన్నాడు.

"చెక్కలు వేశావా?"

"వేశాను."

"ఏమన్నాయి?"

"మొదటిసారికే పడ్డాయి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా." ఆయన భార్య వైపు చూడకుండా, చెక్కలు లేని దేవుడి గూటి వైపు చూస్తూ చెప్పాడు. "వచ్చాడు. ఇంక పేరు రాయించెయ్యి. పిల్ల అలిసిపోయింది."

చేతులు తుడుచుకున్న గుడ్డ లేహ్వా చేతిలో అలాగే ఉండిపోయింది. చెక్కలు తన బుట్టలో ఉన్నాయి. ఆయన ఏం వేశాడు? ఏం పడింది? మావయ్య మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. పొద్దున గూట్లో చెయ్యి పెడితే చెక్కలు లేవు, ఎవరు తీశారో ఆయనకి అర్థమైంది, అయినా చొక్కా పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాడు. ఏమీ వేయకుండానే, కొడుకు వచ్చాడని చెప్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి జీవితంలో మొదటి అబద్ధం తన కోసం ఆడుతున్నాడు.

"ఎవరి చెక్కలు వేశావు?" అడిగింది బోంగ్ఛీ.

"మనవే."

"ఏవీ? ఇలా ఇవ్వు."

ఆయన ఒక జేబు తడుముకున్నాడు. ఇంకో జేబు తడుముకున్నాడు. కోట తాళాలు గలగలమన్నాయి.

"నా దగ్గరున్నాయి," అంది లేహ్వా.

బుట్టలో చెయ్యి పెట్టి తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"పొద్దున నీళ్ళకి వెళ్తే మావయ్య ఎదురయ్యారు. కడిగి గూట్లో పెట్టమని ఇచ్చారు."

"మరి ఏడుసార్లు అడిగితే తెలీదన్నావేం?"

"చెప్పొద్దన్నారు."

"ఈయన? చెప్పొద్దని ఈయన నీకు చెప్పాడు?"

ఆ ఇద్దరికీ అబద్ధం ఆడడం రాదు. ఒకళ్ళు గూటి వైపూ, ఒకళ్ళు పొయ్యి వైపూ చూస్తున్నారు. బోంగ్ఛీ చెక్కలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంది. బొటనవేలితో ఒంపు వెంట రాసింది. వెదురు దుంప చెక్క, పాతది, ఆమె కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంట్లో ఉంది. పొడిగా ఉంది.

"ఇసక కూడా అంటలేదే," అంది.

"కడిగాను."

"తడి లేదే."

తియెన్‌సాంగ్ చేతిలోని చొక్కా అంచు నుంచి నీళ్ళు నేల మీద పడుతూనే ఉన్నాయి. ముగ్గురూ ఆ చప్పుడు విన్నారు.

బోంగ్ఛీ అంది:

"ఈ గాలికి ఏదైనా ఆరిపోతుందిలే."

లేచి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తన గిన్నె ముందు కాదు, నాలుగోదాని ముందు. కోడలు అప్పటికే అందులో గంజి పోసి ఉంచింది. అలవాటు చొప్పున పోసింది. బోంగ్ఛీ ఆ గిన్నె దగ్గరికి లాక్కుని ఒక గుక్క తాగింది. రెండేళ్ళలో ఆ గిన్నెలోది మనిషి తాగడం అదే మొదటిసారి. రోజూ కోళ్ళకి పోసేది.

"చల్లారింది," అంది. "వాడికి నాలిక కాలేంత వేడిగా ఉండాలి. నేను రెండేళ్ళూ చల్లారిందే పెట్టాను."

ఆమెకి ఏడుపు రాలేదు. వస్తుందని మిగతా ఇద్దరూ భయపడ్డారు. గంజి తాగుతూనే ఉంది.

రేవు వైపు నుంచి శంఖం ఊదారు. నీళ్ళు తీస్తున్నాయని గుర్తు. గుళ్ళో పలకా కుంచే సిద్ధం చేసి ఉంటారు. పోటు తిరిగేలోపు పదహారు పేర్లూ పూర్తి కావాలని హోంగ్ పట్టుదల.

"ఆ చొక్కా ఇలా తే," అంది బోంగ్ఛీ మొగుడితో. తడి చొక్కా పిండింది. ఇస్త్రీ చేసేదానిలా చేత్తో సాపు చేసి, చెక్కల జత మధ్యలో పెట్టి మడిచింది. ఆ మూట కోడలి బుట్టలో పెట్టింది.

"నువ్వు వెళ్ళు. గుడికి దారి ఒడ్డు మీంచే కదా. నువ్వు ఇంకోసారి పిలువు."

"మావయ్య పిలిచారుగా అత్తయ్యా."

"ఆయన పిలుపు పక్క గదిలోకే వినపడదు, సముద్రం అడుక్కి వినపడుతుందా? నువ్వు పిలువు. ఆడదాని చెయ్యి అర చెయ్యి అన్నాడు హోంగ్. గొంతు అర గొంతు అనలేదుగా."

లేహ్వా బుట్ట అందుకుంది. గడప దగ్గర ఆగింది.

"రాలేదంటే?"

బోంగ్ఛీ గిన్నె అంచు చేత్తో తుడుస్తోంది.

"చెక్కలు కాదంటే నేనేం చెప్పాలి అత్తయ్యా? హోంగ్ పెదనాన్న అమ్మవారి ముందు నిలబెట్టి అడుగుతారు, వచ్చాడా అని."

"ఆ మాట నాకు మాత్రం చెప్పకు," అంది బోంగ్ఛీ. "నేను గంజి తాగేశాను."

తియెన్‌సాంగ్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. గాలికి అది కొట్టుకోకుండా పట్టుకోవడం ఒక్కటే ఇప్పుడాయన చేయగలిగిన పని.

సందు చివరికి వచ్చేసరికి రేవు కనపడింది. నీళ్ళు బాగా తీశాయి. రాతికట్ట నల్లగా ఒంపు తిరిగి పైకి తేలింది. తన చేతులు పేర్చిన రాళ్ళు ఎక్కడ మొదలవుతాయో ఎక్కడ ముగుస్తాయో లేహ్వాకి ఇక్కణ్ణించే తెలుసు. కుడి చేతి వైపు గుడి మెట్లు. మగవాళ్ళు గుంపుగా ఉన్నారు. ఎడమ చేతి వైపు కోట కింది ఇసక, అక్కడ ఎవరూ లేరు.

చేపలు ఆరేసే పందిళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వంగి పనిచేస్తున్నారు. గాలికీ ఉప్పుకీ మొహమంతా గుడ్డ చుట్టుకుంటాం మేము, కళ్ళొక్కటే కనపడతాయి. గొంతులని బట్టే ఎవరెవరో తెలియాలి.

"ఏంటి లేహ్వా, ఇవాళ రాళ్ళ పని లేదుగా, బుట్టెందుకు?" అంది పక్కింటి సూన్ అక్క. "హోంగ్ గారికి కానుకలా? అలాగైనా నీ చెయ్యి పూర్తి చెయ్యి చేస్తాడేమోనని?"

మిగతావాళ్ళు నవ్వారు. సూన్ మాట ఎప్పుడూ అంతే, అందులో విషం ఉండదు. లేహ్వా రోజూలాగే ఎదురు మాట అనబోయింది. నోరు తెరిచింది.

మాటకి బదులు ఏడుపు వచ్చింది.

ఆమె దాన్ని రమ్మనలేదు, ఆపనూ లేదు. దారి మధ్యలో, పట్టపగలు, తడి బుట్ట రొమ్ముకి అదుముకుని, రెండేళ్ళ నెలరోజుల ఏడుపు ఏడ్చింది. గాలి దాన్ని రేవంతా మోసుకుపోయింది. గుడి మెట్ల మీద మగవాళ్ళు ఇటు తిరిగారు.

సూన్ అక్క చేతిలోని చేప కింద పెట్టింది. చేతులు బట్టకి రాసుకుని, మొహానికి కట్టుకున్న గుడ్డ ముడి విప్పింది. పని మధ్యలో మేము గుడ్డ విప్పేది చావు ఎదురైనప్పుడే. ఆమెని చూసి పక్కనున్న ముసలమ్మ విప్పింది. తర్వాత మిగతా అందరూ ఒకరి తర్వాత ఒకరు విప్పారు. ఎవరూ ఏమీ అడగలేదు. గుడి మెట్ల మీద హోంగ్ తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పేర్లు రాసే రాయసగాడి వైపు వంగి ఏదో చెప్పాడు. అతను కుంచె సిరాలో ముంచాడు.

ఊరు బూన్‌హాయ్‌ని పంపించేసింది. అతను వచ్చాడో లేదో చెక్కల్ని ఇంకా ఎవరూ అడగనే లేదు.

లేహ్వా ఎడమ చేతి వైపు తిరిగింది. కోట కింద ఇసక మీద మావయ్య అడుగులు ఇంకా ఉన్నాయి, పక్కనే రెండుసార్లు వెలిగించిన ధూపపు పుల్ల. నీళ్ళు ఆగి, మళ్ళీ ఒడ్డు వైపుకి తిరగబోతున్నాయి. బుట్ట దించి మూట విప్పింది. చొక్కా మెడ పట్టుకుని సముద్రం వైపు చాచింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, అయినా మొగుడి పేరు పూర్తిగానే పలికింది.

మూడుసార్లు పిలిచింది. తర్వాత చెక్కలు రెండూ దోసిట్లో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. గుళ్ళో తన పేరు రాస్తున్నారు. ఇంటి దగ్గర ఆ గిన్నె ఖాళీ అయిపోయి ఉంటుంది.

ఆమె దోసిలి తెరిచింది.